ఇనుము తగిలిన ఊట

మా పెద్దనాయన పోయాడని మొన్న గుమ్మఘట్ట నుంచి వచ్చిన మనిషి చెప్పాడు. నిజం చెప్పాలంటే, ఏడుపు కంటే ముందు హమ్మయ్య అనిపించింది. అన్నేళ్లు ఆయన మోసిన బరువు అలాంటిది.

ఆయన బావులు తవ్వేవాడు. రాయి పడితే మిగతావాళ్లు చేతులెత్తేసేవారు. ఈయన వక్కాకు నములుతూ, "నీళ్లు యాడికి పోతాయప్పా, రాయి కింద దాంకోనుంటాయి" అంటూ మళ్లీ దిగేవాడు. పెళ్లింట్లో చెంబుతో నీళ్లిచ్చినా అది ఎవరు తవ్విన బావో అడిగేవాడు. తనదే అయితే ఇంకో చెంబు తాగేవాడు.

ఊరికి పడమటి కొండల నడుమ సర్కారు కాపుదలలో ఉన్న అడవిలోయ ఒకటుంది. కాలిబాటన చివరిదాకా నడిస్తే బండ పగులులోంచి ఊట. ఎంత కరువులోనూ అది ఆగినట్టు ఎవరూ ఎరగరు. దానికి ఇనుము తగలకూడదని కట్టుబాటు. కొడవళ్లు బాట మొదట్లోనే పెట్టి, సొరబుర్రతో ముంచుకోవాలి. పెద్దనాయన దానికి నవ్వేవాడు.

ఒక ఏడు పెద్ద కరువొచ్చి ఆయన తవ్విన బావులన్నీ ఎండిపోయాయి. ఊరంతా ఊట మీద పడింది. వంతు కోసం కూర్చుని కూర్చుని మా పెద్దమ్మ అక్కడే సొమ్మసిల్లింది. మర్నాడు ఆయన గడ్డపారతో లోయకెళ్లాడు.

"ఆడ ఇనుము దింపొద్దన్నా. పెద్దోళ్లు ఊరికే సెప్పినారా?" అని అడవి గార్డు అడ్డుపడ్డాడు.

"పెద్దోళ్లు బావులు తవ్వినారా ఏమి?" అన్నాడు ఈయన.

పగులు వెడల్పు చేయగానే నీళ్లు పొంగాయి. ఆడవాళ్లు కుండలు నింపుకుని ఆయనకు దండం పెట్టారు. సాయంత్రానికి ఊట ఆగిపోయింది. బండ అడుగున నీళ్లు ఇంకో దారి చూసుకున్నాయి.

గార్డు కేసు రాయలేదు. "రాసేదేముందన్నా. ఊళ్లేకి పోయి ఆడోళ్ల మొగాలు సూడు, సాలు" అన్నాడు.

కొన్ని కుటుంబాలు పెన్న ఒడ్డు చూసుకుని పామిడి వైపు వలసపోయాయి. ఎవరూ ఆయన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త తేలికపడేవాడేమో. ఆయన మళ్లీ గడ్డపార పట్టలేదు. ఏటా ఎండాకాలం కడవ నెత్తిన పెట్టుకుని లోయకెళ్లి, ఆ పగులులో నీళ్లు పోసి వచ్చేవాడు. ఎందుకని ఒకసారి అడిగాను.

"నీళ్లు దోవ మర్సిపోయినాయి. గుర్తు సేస్తాండా" అన్నాడు.

ఆ మాటకు నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. ఇప్పుడు మాత్రం ఏడుపొస్తోంది.

నేను చేరేసరికి మట్టి చేసి వచ్చేశారు. చివరి ఘడియలో పెద్దమ్మ తులసి నీళ్లు నోట్లో పోయబోతే పెదవులు బిగించి, ముఖం తిప్పుకున్నాడట. "ఈడ కాదు, ఆడ ఊటకాడ పొయ్" అన్నాడట. పెద్దమ్మ గడపలో కూర్చుని ఉంది. చెంబు ఇంకా చేతిలోనే ఉంది, నీళ్లు అలాగే ఉన్నాయి.