నీలం మూత క్యాను

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి మిగతా సగం నమ్మమని మా అత్తయ్య వీధి వీధంతా చాటి పెట్టింది. అందులో తప్పేం లేదు. నేను బాగుచేసిన టేబుల్ ఫ్యాను గాలికి ఎదురింటి పెంకులు లేచిపోయాయని నేను చెప్పుకుంటుంటే, లేచినవి రెండేనని సర్దిచెప్పింది కూడా ఆవిడే. కానీ ఇప్పుడు రాస్తున్నది ఆవిడ గురించి. ఇందులో తీసెయ్యడానికి ఏమీ లేదు. ఉంటే బాగుండునన్నదే నా కడుపుమంట.

ఆవిడ మా నాన్నకి అక్క, నాకు మేనత్త. నాలుగు ఆవులు, ఒక రేకుల పాక, పాక ముందు సిమెంటు గట్టు, గట్టు మీద రెండు క్యాన్లు. ముప్ఫై ఒక్క ఏళ్ల నుంచి ఆవిడ బతుకంతా ఇదే. పొద్దున ఐదింటికి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి పాలు పిండుతుంది. పిండిన అరగంటలో గట్టు ఖాళీ. ఎవరికి పోసినా గిన్నె చేతికిస్తూ ఒకే మాట అంటుంది, "ఇంటికెళ్లగానే కాచుకోండి" అని. నిన్న మొన్న పాలు మొదలెట్టిన వాళ్లకీ అదే, ముప్ఫై ఏళ్లుగా పోయించుకుంటున్న వాళ్లకీ అదే. ఒకసారి నిద్రలో కూడా అంటుంటే నేను విన్నాను. దీన్ని మాత్రం మీరు సగమే నమ్మండి.

రెండు క్యాన్లెందుకో చెప్పాలి, గొడవంతా అక్కడే ఉంది కాబట్టి. ఆవుని పితకడం మొదలెట్టగానే వచ్చే పాలు పల్చగా, తేలిగ్గా ఉంటాయి. ఆఖరున పిండే పాలు చిక్కన, వెన్నంతా వాటిలోనే ఉంటుంది. పాడి ఉన్న ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. కాకపోతే అందరూ ఒకే బకెట్లోకి పితికేస్తారు కాబట్టి రెండూ కలిసిపోతాయి. అత్తయ్య కలపదు. ముందు వచ్చేవి నీలం మూత క్యానులోకి, తర్వాత వచ్చేవన్నీ ఎర్ర మూత క్యానులోకి. మా మావయ్య కడుపులో పుండుతో మంచాన పడ్డప్పుడు ఏం తాగినా వాంతి చేసుకునేవాడు. ఈ ముందు పాలు మాత్రం నిలిచేవి. చివరి రెండేళ్లూ ఆయన ఆ పాల మీదే బతికాడు. ఆయన పోయాక ఆ అలవాటు మానలేదు ఆవిడ. ఈలోగా అరగని వాళ్లందరికీ ఈ సంగతి తెలిసిపోయింది. అందులో ముఖ్యుడు రిటైరైన కాంపౌండరు. ఆపరేషన్లో సగం కడుపు తీసేశారాయనకి. పదకొండేళ్లుగా పూటకో చిన్న గిన్నె పట్టుకుని వచ్చి, నీలం మూత తీసే వరకూ గట్టు మీద కూర్చుని వీధిలో పోయేవాళ్లందరికీ ఉచితంగా మందులు చెబుతుంటాడు. టీ కొట్టువాడికీ, పెరుగు తోడేసుకునే వాళ్లకీ ఎర్ర మూత.

ఇదిలా ఉండగా, ఊరికి అటు చివర ఎవడో మురిక్కాలువ పక్క కుళాయి కింద క్యాన్లు కడిగి అందులో పాలు పోసి అమ్మాడట. ఆ పాలు తాగిన ఒక పిల్ల వారం రోజులు ఆస్పత్రిలో ఉంది. దాంతో ఉత్తర్వు వచ్చింది. పర్మిట్ లేకుండా ఎవరూ పచ్చిపాలు అమ్మకూడదు, పర్మిట్ ఉన్నవాళ్ల పాలు ఎప్పుడైనా తనిఖీ చేస్తారు. వీధిలో పాలవాళ్లందరూ శాపనార్థాలు పెడుతుంటే అత్తయ్య ఒక్కతే సంతోషించింది. ఇన్నాళ్లకి వీళ్లకి బుద్ధొచ్చింది, పాలు చూడకుండా ఎలా అమ్మనిస్తారు అంది. ఆఫీసు తలుపు తియ్యకముందే వెళ్లి వరసలో మొదట నిలబడింది.

ఫారం నింపింది నేనే. తొమ్మిదో తరగతి సగం దాకా చదివాను కాబట్టి మా ఇంటికి నేనే పండితుణ్ని. పాలు తీసే యంత్రం మోడల్ ఏది అని ఒక గడి ఉంది. అత్తయ్య రెండు చేతులూ చాపి చూపించింది. తయారైన సంవత్సరం కూడా రాద్దామా అన్నాను. నెత్తిన మొట్టింది. ముడి సరుకు అనే గడిలో గడ్డి అని రాశాం. ఎలాగైతేనేం పర్మిట్ వచ్చింది. దాన్ని అద్దం ఫ్రేములో పెట్టించి పాకలో మావయ్య ఫోటో పక్కన మేకుకి తగిలించింది.

రెండు నెలలకి తనిఖీ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. తెల్లారి ఐదున్నరకి, స్కూటర్ మీద. ఆయన మీద నాకేం కోపం లేదు, మర్యాదస్తుడే. నీళ్లు ఉడుకుతున్న డేగిసా చూశాడు, క్యాన్ల లోపల చెయ్యి పెట్టి చూశాడు, ఆవుల పొదుగులు వంగి చూశాడు, బాగున్నాయన్నాడు. టీ ఇస్తానంటే వద్దు తల్లీ, రెండు వారాలుగా గుండెలో మంట, ఏం తాగినా పడట్లేదు అన్నాడు. అంతే, అత్తయ్య మనసు కరిగిపోయింది. పాలు కొంచెం నమూనా కావాలి అని ఆయన అంటే, ఏ క్యానులోవి ఇమ్మంటారు అని అడిగింది. ఏదైనా ఒకటే కదా అన్నాడాయన. ఆయన దృష్టిలో పాలంటే పాలే. పాపం కడుపు బాగోలేని మనిషి కదా అని ఆవిడ నీలం మూత తీసింది. మూడు సీసాల్లో పోసుకుని, లక్క వేసి, సీలు గుద్దుతుంటే కూడా ఆవిడకి అనుమానం రాలేదు. మూడు పూటలకి మూడు సీసాలు కాబోలు అనుకుంది. వెళ్తూ ఉంటే వెనక నుంచి అరిచింది కూడా, కాచుకుని తాగండి అని.

మూడు వారాలకి నోటీసు. నమూనాలో వెన్న శాతం ఉండాల్సినదాంట్లో సగం కూడా లేదు, పాలలోంచి వెన్న తీసి అమ్ముతున్నట్టు తేలింది, పర్మిట్ నిలిపేశాం. దాంతోపాటు ఒక గుమాస్తా వచ్చి రెండు క్యాన్లకీ తీగ చుట్టి సీలు వేసి, ఫ్రేములోంచి పర్మిట్ ఊడదీసుకుని పోయాడు. ఖాళీ ఫ్రేము మేకుకి అలాగే వేలాడుతోంది.

ఆ రోజు నేను వీధి చివర కొట్టుకి వెళ్లి ఒక పాల ప్యాకెట్ కొన్నాను. తాగడానికి కాదు, చదవడానికి. నీలం గీత కింద చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చేశారు, వెన్న కొంత తీసినవి, పాలపొడి కలిపినవి అని. కింద పర్మిట్ నంబరు. వాళ్లు వెన్న తీస్తే అది వ్యాపారం. ఆవు తనంతట తాను పల్చటి పాలు ముందిస్తే అది మా అత్తయ్య నేరం. ఆ ప్యాకెట్ని నేను కొట్టు ముందు నేలకేసి కొడితే పాలు మూడంతస్తులు లేచాయి. సరే, మోకాలి దాకా లేచాయి.

ఆఫీసు మేడ మీద ఉంది. ముప్ఫై నాలుగు మెట్లు, మోకాళ్ల నొప్పులతో ఆవిడ నాలుగుసార్లు ఎక్కింది. మొదటిసారి పెద్దసారు లేరు. రెండోసారి ఉన్నారు గానీ ఫైలు లేదు. మూడోసారి రెండూ ఉన్నాయి. అత్తయ్య ముందు పాలు, చివరి పాలు అని చెబుతుంటే ఆయన నవ్వాడు. ఆవుకి రెండు ట్యాంకులుంటాయా అమ్మా అని అడిగాడు. గదిలో ఉన్న నలుగురూ నవ్వారు. వాళ్ల బల్లల మీద పొడిపాలతో చేసిన టీ కప్పులున్నాయి, మీగడ కాదు కదా మరక కూడా కట్టని టీ. అత్తయ్య నవ్వలేదు, కోప్పడలేదు. ట్యాంకులు లేవు బాబూ, వచ్చి ఒకసారి చూడండి అంది. చూసే ఏర్పాటు మా నిబంధనల్లో లేదన్నాడు.

ఒక్క మనిషి నవ్వలేదు. పక్క గదిలో పరీక్షలు చేసే ల్యాబ్ అమ్మాయి, తలుపు దగ్గర నిలబడి అంతా వింది. సెలవు పెట్టుకుని, సంచిలో తన గాజు గొట్టాలు సర్దుకుని, ఒక తెల్లవారుజామున మొదటి బస్సుకి వచ్చింది. నాలుగు ఆవుల దగ్గరా కూర్చుంది. ముందు పాలు కొలిచింది, చివరి పాలు కొలిచింది, రెండూ కలిపి కొలిచింది. ముందు పాలలో వెన్న ఒకటిన్నర శాతం. చివరివాటిలో ఏడు దాటింది. కలిపితే నిబంధన అడిగినదానికంటే ఎక్కువే. గొట్టం వెలుగుకి పెట్టి చూసుకుంటూ, పుస్తకంలో చదివాను గానీ కళ్లతో చూడటం ఇదే మొదటిసారి అంది. అంతా రాసి, తన పేరు పెట్టి, పెద్దసారు బల్ల మీద పెట్టింది. ఆ అమ్మాయి చేసిన పనికి తర్వాత మెమో ఇచ్చారు, అనుమతి లేకుండా గాజు సామాను బయటికి తీసుకెళ్లినందుకు.

నాలుగోసారి మమ్మల్ని వాళ్లే పిలిచారు. పెద్దసారు కుర్చీ చూపించాడు. కాగితం తను చదివానని, అత్తయ్య చెప్పింది నిజమేనని ఒప్పుకున్నాడు. నాకు రెక్కలొచ్చినట్టయింది. అయితే సీలు వేసిన నమూనా సీలు వేసిన నమూనాయే, దాన్ని వెనక్కి తీసుకునే వీల్లేదన్నాడు. వెన్న తక్కువ పాలు అని చీటీ అంటించి ఆ క్యాను విడిగా అమ్ముకోవచ్చు కదండీ అని నేను అడిగాను. అలాంటి చీటీ యంత్రాలున్న ఫ్యాక్టరీలకే ఇస్తారట. అంటే యంత్రంతో తీసినవాళ్లు తీశామని రాసి అమ్ముకోవచ్చు. చేతులతో, ఏమీ తియ్యకుండా పోసినవాళ్లు మాత్రం తీసినవాళ్లవుతారు. ఈ ముక్క నేను బయటికే అన్నాను. గుమాస్తా కళ్లతోనే నన్ను మెట్ల దాకా తోశాడు.

పెద్దసారు ఒక అచ్చు ఫారం అత్తయ్య ముందుకి జరిపాడు. సంతకం పెడితే మొదటి తప్పు కింద హెచ్చరించి వదిలేస్తారు, పర్మిట్ రేపే వచ్చేస్తుంది. పెట్టకపోతే విషయం కోర్టుకి వెళ్తుంది, తేలేదాకా గట్టు మీద ఒక్క గరిటె కూడా పొయ్యకూడదు. నేను చదివి వినిపించాను. "నేను అమ్మిన పాలలోంచి వెన్న తీసినట్టు అంగీకరిస్తున్నాను. ఇకపై అలా చేయనని హామీ ఇస్తున్నాను."

"తీశాను అన్న మాట కొట్టేసి ఇవ్వండి, పెడతాను," అంది అత్తయ్య.

"అచ్చు ఫారం అమ్మా. కొట్టివేతలుంటే చెల్లదు."

నేను ఆవిడ చెవిలో గొణిగాను. ముప్ఫై ఒక్క ఏళ్ల గట్టు, నాలుగు ఆవులు, ఒక్క సంతకం గీసెయ్ అత్తయ్యా, కాగితమే కదా అన్నాను. ఆవిడ నావైపు చూడలేదు. పెద్దసారుకి నన్ను చూపించింది.

"వీడు నా మేనల్లుడు బాబూ. బళ్లో సైన్సు గదిలో గాజు జాడీ పగిలితే వీడే పగలగొట్టాడన్నారు. తప్పయిపోయింది అని రాసిస్తే రానిస్తామన్నారు. చెయ్యని తప్పు రాయనని చదువే వదిలేశాడు. వీడి మేనత్తని నేను."

కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

ఆ జాడీ కథ ఇరవై రెండేళ్లుగా నేనే చెప్పుకుంటూ తిరుగుతున్నాను. మాస్టారు దణ్ణం పెట్టి బతిమాలినట్టు, నేను పుస్తకాల సంచి భుజానేసుకుని వీరుడిలా గేటు దాటినట్టు. అసలు సంగతి, జాడీ పగలగొట్టింది నేనే. అందులోని కప్పని బయటికి తీసి పక్కవాడి చొక్కాలో వెయ్యాలనుకున్నాను, చెయ్యి జారింది.

మెట్లు దిగుతుంటే చెప్పేశాను. ఇక మొయ్యలేకపోయాను. అత్తయ్య ఒక్కో మెట్టు మీదా ఆగి మోకాలు పట్టుకుంటూ దిగుతోంది.

"తెలుసురా వెధవా. అరికాల్లో గుచ్చుకున్న గాజు ముక్క తీసింది నేనే కదా. చేసినవాడివి, నువ్వే రాయలేదు. చెయ్యని దాన్ని నేనెలా రాస్తాను?"

మిగతా మెట్లు నా భుజం పట్టుకుని దిగింది.

ఇది జరిగి ఏడు నెలలు. కోర్టు తేదీ ఇంకా వెయ్యలేదు. ఇప్పుడు పాలన్నీ పాల కేంద్రం వాళ్ల ట్యాంకరులోకి పోతున్నాయి. ట్యాంకరువాడు రోజూ కొలిచి, నీ పాలలో వెన్న చాలా బాగుందమ్మా అంటాడు. అవే పాలు ఫ్యాక్టరీకి పోయి, వెన్న పోగొట్టుకుని, పొడి కలుపుకుని, నీలం గీత ప్యాకెట్లో మా వీధి చివర కొట్టుకే వస్తాయి. టీ కొట్టువాడు ఆ ప్యాకెట్లే వాడుతున్నాడు, ముఖం చెల్లక అత్తయ్యని చూస్తే స్టౌ వైపు తిరిగిపోతాడు. కాంపౌండరు పది రోజులు ఆ పాలు తాగి, పదకొండో రోజు మంచం దిగలేకపోయాడని కబురొచ్చింది.

ఆ సాయంత్రం అత్తయ్య సీలు వేసిన క్యాన్లని ముట్టుకోలేదు. మావయ్య తాగిన పాత స్టీలు గ్లాసు తీసి, తోమి, వేడినీళ్లతో కడిగి, మొదటి ఆవు పక్కన కూర్చుంది. ముందు పాలు ఆ గ్లాసులోకి పితికి, పైన మూత పెట్టి నాకిచ్చింది. అమ్మడానికే కదరా కాగితం, ఇవ్వడానికి ఎవడి సంతకం కావాలి అంది. అప్పట్నుంచి రోజుకి రెండుసార్లు నేనే మోస్తున్నాను. వారం తిరిగేసరికి కాంపౌండరు లేచి కూర్చుని, దారిన పోయేవాళ్లకి మళ్లీ మందులు చెప్పడం మొదలెట్టాడు. ఇందులో కూడా మీరు సగం తీసెయ్యక్కర్లేదు, వెళ్లి చూసుకోండి.

నిన్న గ్లాసు పట్టుకుని వీధి దాటుతుంటే ఇన్‌స్పెక్టర్ స్కూటర్ ఎదురొచ్చింది. ఆపాడు. గ్లాసులో ఏమిటని అడిగాడు. పాలండీ, ముందు పాలు, అమ్మేవి కాదు అన్నాను, మూత తీసి చూపించాను కూడా. కాసేపు ఆ పాలవంకే చూశాడు. గుండెమంట తగ్గలేదనుకుంటా, చేత్తో ఛాతీ రుద్దుకున్నాడు. స్కూటర్ స్టార్టు చేసుకుని వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి చెబితే అత్తయ్య పాకలో ఆవుకి గడ్డి వేస్తోంది. చెయ్యి ఆపకుండానే, "రేపట్నుంచి రెండు గ్లాసులు పట్టుకెళ్లు," అంది. ఆ మనిషికా, మన పర్మిట్ ఊడబెరికించినవాడికా అని నేను మండిపడ్డాను.

"కడుపు బాగోలేదన్నాడు కదరా," అంది. "కాచుకోమని చెప్పు."