కన్ను కొట్టమన్నారు

గోపాలసామి నవ్వగా చూసినవాళ్ళు తమిళనాట కారిమంగళం చుట్టుపక్కల చాలా తక్కువ. యాభై రెండేళ్ళు కాపురం చేసిన మీనాక్షమ్మకే ఆ నవ్వు ఏ నాలుగైదు సార్లో కనబడింది. మనిషి చెడ్డవాడు కాదు, తాగుడు లేదు, చెయ్యెత్తింది లేదు. కానీ పెళ్ళైన కొత్తలో సంతలో మీనాక్షమ్మ చెయ్యి పట్టుకుంటే, "నలుగురూ చూస్తారు" అని విదిలించుకున్నాడు. ఆ నలుగురూ ఎవరో ఆవిడకు ఇప్పటికీ తెలియదు. వాళ్ళకు జడిసే బతుకంతా గడిపేశాడు మహానుభావుడు.

ఆయన పని చింతపండు. చెట్లు గుత్తకు పట్టడం, కాయ దులపడం, పెంకు కొట్టి గింజ తీయడం, సంతకు తోలడం. ఏళ్ళ తరబడి పులుపులో నానీ నానీ వేళ్ళ మీది గీతలన్నీ అరిగిపోయాయి. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు, మొన్న ఆయనకు గుండెపోటు వచ్చేదాకా.

గుండెకు పోయే మూడు నాళాలు మూసుకున్నాయి, నెలలోపల ఆపరేషన్ చేయాలన్నాడు సేలం డాక్టరు. సర్కారు ఆరోగ్య బీమా కార్డు ఉంటే సరే, లేకపోతే మిగిలిన ఆ ఎకరం చేనూ అమ్మాలి. "చేను అమ్మేది లేదు. నేను పోతే పోతాను" అన్నాడు గోపాలసామి, ఏదో కారిమంగళం దాకా పోయొస్తానన్నట్టు. ఆ మాట మీనాక్షమ్మకు ఎంత గుచ్చుకుందో ఆయనకు తట్టనే లేదు. మర్నాడే రేషన్ కార్డు, ఆధార్, ఆదాయం సర్టిఫికెట్ గుడ్డసంచిలో పెట్టుకుని, ఆయన్ను ధర్మపురి కలెక్టరాఫీసుకు లాక్కొచ్చింది.

కౌంటరులో కవిప్రియ అని పాతికేళ్ళ అమ్మాయి. వేలిముద్రల యంత్రం మీద ఆయన చేత పది వేళ్ళూ పెట్టించింది, తుడిచి మళ్ళీ పెట్టించింది. ఒక్కటీ పడలేదు. వేలిముద్రకు బదులు ముఖం చూపించినా చాలని తమిళంలో చెప్పి, ఫోను ఆయన ముఖానికి ఎదురుగా పట్టింది. ముసలాళ్ళిద్దరూ తెలుగులో గుసగుసలాడుకోవడం అప్పుడు విని ఎంత సంబరపడిందో!

"అవ్వా, మీరు మనవాళ్ళేనా? మా ఇంట్లోనూ తెలుగే!"

ఆ పిల్ల తెలుగు ఇంటి గడప దాటి ఎరగదు. సగం మాటలు తమిళంలో తలుచుకుని తెలుగులోకి దించుతుంది పాపం. కళ్ళు మూసి తెరవమని ఫోను అడిగింది. తమిళంలో దానికీ, కన్ను కొట్టడానికీ ఒకటే మాట. పిల్ల ఎంతో మర్యాదగా, "తాతా, ఇట్ల చూసి కన్ను కొట్టండి" అంది.

గోపాలసామి ముఖం జేవురించింది. "ఏమి మాట్లాడేది నువ్వు? మనవరాలి వయసుదానివి, నీకు నేను కన్ను కొట్టల్లనా?"

"సర్కారు రూల్ తాతా. కొట్టకపోతే కార్డు రాదు."

వెనక వరుసలో తెలుగు తెలిసినవాళ్ళెవరో కిసుక్కుమన్నారు. ఇంకేముంది, ఆ నలుగురూ ఇన్నాళ్ళకు దొరికారు! గోపాలసామి సంచి లాక్కుని బయటికి నడిచాడు.

మీనాక్షమ్మ వరండాలో ఆయన్ను పట్టుకుంది.

"నలుగురు నలుగురని ఒకదినమన్నా నా ముఖం చూసి నవ్వలేదు మీరు. పోనీ అనుకుంటిని. ఇప్పుడు ఆ నలుగురి కోసరం చచ్చిపోతారా? మీరు పోతే నలుగురూ వచ్చి మోసుకోని పోతారు, అంతే. మళ్ళ నాతో ఇంట్లో కూర్చునేది ఎవరు?"

గోపాలసామి సంచి ఆవిడ చేతికి తిరిగి ఇచ్చాడు.

"ఆ పిల్లకి కొట్టేది నాతో కాదు మే" అన్నాడు.

"నాకు కొట్టండి. ఆ పిల్ల వెనకాల నిలబడతాను."

అట్లాగే నిలబడింది. ఆయన అందరినీ ఒకసారి బెదురుగా చూసి, ఆవిడ వైపు తిరిగి, ఎడమ కన్ను గట్టిగా మూసి తెరిచాడు. డెబ్బై ఏళ్ళ వయసులో మీనాక్షమ్మకు సిగ్గు ముంచుకొచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫోను మాత్రం ఒప్పుకోలేదు.

"ఒక కన్ను కాదు తాతా, రెండు కన్నులూ కొట్టండి!"

"రెండు కన్నులతో ఎవరు కొడతారమ్మా?"

అప్పుడు తెలిసొచ్చింది మీనాక్షమ్మకు. "అయ్యో తల్లీ, రెప్పలు ఆర్పమని చెప్పల్ల!" తానేమన్నదో అర్థమై కవిప్రియ నాలుక కరుచుకుంది. గోపాలసామి రెప్పలు ఆర్పాడు. కార్డు వచ్చింది.

ఇరవై రోజులకు సేలంలో ఆపరేషన్ అయింది. మర్నాడు పొద్దున మీనాక్షమ్మను ఒక్క నిమిషం లోపలికి పంపారు. ఆయన గొంతులో గొట్టం, చేతులకు కట్లు. మంచం చుట్టూ నర్సులు నలుగురు నిలబడి చూస్తున్నారు. ఈ మనిషి లేస్తాడా అనుకుంటూ ఆవిడ మంచం దగ్గరికి నడిచింది.

"అయ్యా, వినబడుతోందా? రెప్పలు ఆర్పండి" అంది ఒక నర్సు తమిళంలో.

గోపాలసామి మెల్లగా కళ్ళు తెరిచాడు. నర్సును చూశాడు, మీనాక్షమ్మను చూశాడు. ఎడమ కన్ను ఒక్కటే గట్టిగా మూసి తెరిచాడు.

నర్సు కంగారుపడింది. "ఒక కన్నే మూస్తున్నారే! డాక్టర్ను పిలవండి!"

"పిలవొద్దమ్మా" అంది మీనాక్షమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. "అది మీకు కాదు, నాకు."