మడిచిన బొటనవేలు

పేచ్చియమ్మ బీడీలు చుట్టేటప్పుడు మాట్లాడదు. చాట ఒళ్లో పెట్టుకుని ఆకు కత్తిరించి, పొగాకు పోసి, చుట్టి, దారం కట్టేదాకా తల ఎత్తదు. తామ్రపర్ణి ఒడ్డున ఉన్న మా వీధిలో ఆడవాళ్లందరిదీ అదే పని. మా నోళ్లు మాత్రం ఒక్క నిమిషం మూతపడవు. ఆమె కూడా ఒకప్పుడు మాలాంటిదే. కొడుకు పోయాక ఇలా అయింది.

ఆమె కొడుకు ఇసక్కిముత్తు పంచాయతీ నీళ్ల ట్యాంకు చూసుకునేవాడు. నిరుడు ఎండాకాలంలో ఒక రోజు, పై వీధికన్నా ముందు మా దళితుల వీధికి నీళ్లు వదిలాడు. ఆ సాయంత్రమే పై వీధి కొంబయ్య వేటకొడవలి పట్టుకుని ట్యాంకు దగ్గరికి వచ్చాడు. పేచ్చియమ్మ బిందెతో అక్కడే ఉంది. ఆ పూట అక్కడ సగం ఊరు ఉంది, కానీ చూశానని చెప్పడానికి ముందుకొచ్చింది ఆమె ఒక్కతే.

కొంబయ్యను జైల్లో పెట్టారు. తాను సాక్ష్యం చెప్పేదాకా వాడు బయటికి రాకూడదు, పేచ్చియమ్మకు కావలసింది అంతే. ఇలాంటి కేసుల్లో బాధితుల మాట వినకుండా బెయిలు ఇవ్వకూడదని చట్టం ఉంది. ప్రత్యేక కోర్టులో వాడు బెయిలు అడిగినప్పుడల్లా మా వకీలు సెల్వమణి ఆమెను జడ్జి ఎదుట నిలబెట్టేవాడు.

"వాడు బయటికొస్తే నేను నోరు తెరవలేనయ్యా. తెరవనియ్యరు" అనేది. జడ్జి బెయిలు ఇవ్వలేదు.

ఇక్కడ మా వీధి అలవాటు ఒకటి చెప్పాలి. ఖాకీ బట్టలవాడు కాగితం పట్టుకొస్తే మేం బొటనవేలు పిడికిట్లోకి మడిచేసుకుంటాం. వెనకటికోసారి పై వీధివాళ్లు పేచ్చియమ్మ మొగుడి కాలు విరగ్గొట్టినప్పుడు, మందులకని చెప్పి ఒక పోలీసు ఆస్పత్రిలో ఆమెచేత వేలిముద్ర వేయించుకున్నాడు. తీరా చూస్తే అది రాజీ కాగితం. కేసు మూతపడింది, ఆయన పోయేదాకా కుంటుతూనే ఉన్నాడు. అప్పటినుంచి పిల్లలకు అక్షరాలకన్నా ముందు ఈ మడత నేర్పుతున్నాం.

కొంబయ్య తండ్రి పై కోర్టుకు అప్పీలు చేశాడు. కింది కోర్టులో మాకు వకీలు ఉన్నా, పై కోర్టు కాగితం చనిపోయినవాడి తల్లి చేతికే అందాలట. దాన్ని తెచ్చిన కానిస్టేబులు వేరే జిల్లావాడు, కొత్తగా వచ్చాడు. పక్కింట్లో ఉండే నేను చుట్టిన బీడీలు అప్పగించడానికి కంపెనీకి పోయాను, ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది. ఆ అబ్బాయి మంచివాడే. ఎండలో నిలబడి చదివి వినిపించబోతే వద్దంది. అందినట్టు ముద్ర వేస్తే చాలమ్మా అని బతిమాలాడట. ఆమె పిడికిలి బిగించి, కాగితం తాకనైనా తాకకుండా తలుపు వేసుకుంది.

సాయంత్రం ఆ సంగతి చెబుతూ, కొడుకు పోయాక మొదటిసారి నవ్వింది.

"ఈసారి నా ఏలు దొరకలేదే వాళ్లకి."

వీధంతా మెచ్చుకుంది. ఆ కాగితం దేని గురించో ఎవరూ అడగలేదు. మళ్లీ రాజీ కాగితమే అనుకున్నాం.

కొన్నాళ్లకు పై వీధిలో టపాకాయలు పేలాయి. కొంబయ్య మెళ్లో గజమాల వేసి ఊరేగించారని పాలవాడు చెప్పాడు. పేచ్చియమ్మా నేనూ బస్సెక్కి సెల్వమణి దగ్గరికి పరిగెత్తాం. అతను అప్పటికే ఆరా తీసి ఉన్నాడు. తల్లికి తెలియజేశారా అని పై కోర్టు జడ్జి అడిగాడట. ఆమె కాగితం పుచ్చుకోనందని పోలీసులు రాసిచ్చింది ప్రభుత్వ వకీలు చదివాడట. పుచ్చుకోకపోయినా తెలియజేసినట్టే లెక్క. చెప్పుకునే వీలిచ్చినా ఆమె రాలేదు, దర్యాప్తు ముగిసింది, విచారణ ఎప్పుడు మొదలవుతుందో తెలియదు, కాబట్టి బెయిలు అన్నాడట జడ్జి. పట్నంలో ఉండి రోజూ స్టేషనులో సంతకం పెట్టాలని షరతు. మాల వేయించుకున్నాకనే పట్నం బయల్దేరాడు దొర.

సెల్వమణి మమ్మల్ని తిట్టలేదు. తిట్టినా బాగుండేది. బెయిలు రద్దు చేయమని అడగొచ్చుగానీ, వాడు షరతు తప్పితేనో, ఆమెను బెదిరిస్తేనో మన మాటకు బలం ఉంటుందన్నాడు.

"అయితే వాడు బెదిరిచ్చేదాకా నేను కాసుకోనుండాల్నా?" అంది పేచ్చియమ్మ.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అని మనకో సామెత ఉంది. ఆ చేతులు కాల్చిందెవరో సామెత చెప్పదు. నాకు ఒళ్లు మండిపోయింది, కానీ ఎవరి మీద అరవాలో తెలియలేదు.

పేచ్చియమ్మ పిడికిలి మెల్లగా విప్పింది. పొగాకు మరకతో నల్లబడిన బొటనవేలు బల్ల మీద పెట్టింది.

"యాడ ఎయ్యాలో చూపించు నాయనా. ఇప్పుడేస్తా."

బల్ల నిండా కాగితాలే, ఆమె ముద్ర కావలసింది మాత్రం ఒక్కటీ లేదు. సెల్వమణి వాటిని అటూ ఇటూ జరిపాడు, మళ్లీ సర్దాడు. ఆమె వేలు తీయకుండా అలాగే కూర్చుంది.