సాక్ష్యం చెప్పాక

నాకు అనుమానం ఎక్కువ. కూరగాయల తూకం దగ్గర్నుంచి ప్రార్థన దాకా, ఒకసారి గిల్లి చూడందే దేన్నీ నమ్మను. విజయనగరంలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పీ చెప్పీ వచ్చిన జబ్బు అనేది మా అమ్మ. ఆమె శృంగవరపుకోటలో ఉండేది. నేను ప్రతి శనివారం బస్సెక్కి వెళ్లి, ఆదివారం ఆరాధన అయ్యాక తిరిగొచ్చేదాన్ని.

ఆ ఎండాకాలం అక్కడి మా బాప్టిస్టు చర్చికి ఎక్కణ్ణుంచో ఒక ప్రసంగీకుడు వచ్చాడు. మైకు అవసరం లేని గొంతు, అయినా మైకు వదల్లేదు. ‘డునామిస్’ అన్నాడు. బైబిల్లో దేవుని శక్తికి వాడిన గ్రీకు మాటట. డైనమైట్ అందులోంచే వచ్చిందనీ, క్వారీలో కొండ పగిలినట్టు మన రోగాలు పగిలిపోవాలనీ అరిచాడు. అందరూ హల్లెలూయ అన్నారు. మనిషిని బాగుచేసే శక్తికి మందుగుండుతో పోలికేమిటని నేను వెనక బెంచీలో గొణుక్కున్నాను.

అమ్మకు చాన్నాళ్లుగా షుగరు. రోజూ ఇన్సులిన్ సూది వేసుకోవాలి. స్త్రీల సమాజం వాళ్లు ఆమె కోసం ఉపవాస ప్రార్థన పెట్టారు. ఆ మరుసటి ఆదివారం అమ్మ లేచి, తనకు షుగరు తగ్గిపోయిందని సాక్ష్యం చెప్పింది. మా వాళ్లలో సాక్ష్యమంటే, దేవుడు చేసిన మేలును చర్చిలో నిలబడి చెప్పడమంటే, ఆషామాషీ కాదు. పదిమందిలో చెప్పాక మళ్లీ మందుల షాపు గుమ్మంలో కనబడితే, దేవుణ్ణే అబద్ధికుణ్ణి చేసినట్టు.

తరవాతి శనివారం వెళ్లగానే ఫ్రిజ్ తీసి చూశాను. ఇన్సులిన్ సీసాలో మందు కిందటి వారం ఎంతుందో అంతే ఉంది.

“సూది ఏసుకుంతన్నావా అమ్మా?”

“తగ్గిపోనాది కదే. సూదెందుకు?”

మడమ దగ్గర పుండు లేచింది. దాన్ని చీర కుచ్చిళ్లతో కప్పుకుంటోంది. నాకు భయమేసింది, అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది. తిన్నగా మా పాస్టరుగారింటికి వెళ్లి, ఆ డునామిస్ సంగతేమిటని నిలదీశాను.

“ఆ మాటకి శక్తి అని అర్థమమ్మా, సెయ్యగలగడం అని. డైనమైట్‌కి ఆ పేరు మొన్నమొన్న పెట్టినారు. రెండువేల ఏళ్ల కిందట అపొస్తలుడు బైబిల్లో ఆ మాట రాసినపుడు అదెక్కడున్నాది?” అన్నారాయన. ఒంట్లో ముల్లులాంటి బాధ తీసెయ్యమని ఆ అపొస్తలుడే ఎంత బతిమాలినా దేవుడు తియ్యలేదట. నీ బలహీనతలోనే నా శక్తి నిండుతుందని జవాబిచ్చాడట. అక్కడ శక్తికి వాడిన మాట కూడా డునామిసేనట.

“మరి ఆ ప్రసంగం రోజు మీరెందుకు నోరిప్పలేదు?” అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. నాకు ఆయన మీద కూడా అనుమానం మొదలైంది.

ఇంటికొచ్చి అమ్మకు ఇదంతా విడమరిచి చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ విన్నది.

“ఆ డైనమైట్ కత నాను నమ్మీసినాననుకున్నావేటి?” అంది. “కూలికెళ్లే ఆడోళ్లు ఎండలో పస్తులుండి నా గురించి ఏడ్సినారు. ప్రార్థనయ్యాక, ఎలగున్నాదమ్మా అని నా మొకంలోకి సూసినారు. తగ్గనేదని ఏ నోటితో సెప్పను?”

ఊళ్లో అందర్నీ అనుమానించాను గానీ ఇది మాత్రం నాకు తట్టలేదు. ఆమె మోసపోయిందనుకున్నాను. వాళ్ల మొహాలు చిన్నబోకుండా తన కాలునే పణం పెట్టిందనుకోలేదు.

“నీ కాలు తీసేస్తే ఆళ్లు సంతోషిస్తారేటి?” అన్నాను. ఏడుపు ఆగలేదు. అమ్మ చేటలో బియ్యం చెరుగుతూ కూర్చుంది.

మర్నాడు చర్చిలో సాక్ష్యాల వేళ, బెంచీ పట్టుకుని అమ్మ లేచింది.

“మీకు నాను అబద్దం సెప్పినాను. నాకు తగ్గనేదు. పొద్దున్న సూది ఏసుకునే వచ్చినాను. మీ ప్రార్థనలో తప్పు నేదు, నా నోటిదే తప్పు.”

ముందు ఎవరు సణుగుతారా అని నేను మొహాలు వెతుకుతున్నాను. ముందు వరసలో, పోయిన నెల రొమ్ములో గడ్డ కరిగిపోయిందని సాక్ష్యం చెప్పిన కూలి మనిషి నెమ్మదిగా లేచి నిలబడింది. పైట గట్టిగా చుట్టుకుంది.

“నా గడ్డా కరగనేదమ్మా,” అంది. “రేపు ఆస్పత్రికి ఎవులైనా నాకు తోడొస్తారేటి?”