ఇసకలో మాగవేసిన చిన్నరసాలు

మొన్న మా తమ్ముడి కొడుకు సంసారంతో ఉత్తరాదిన ఏదో నేషనల్ పార్కుకి టూరు బస్సులో వెళ్తూ, ఒక్కణ్ణీ ఇంట్లో ఏం చేస్తానని నన్నూ ఎక్కించుకున్నాడు. హాట్ స్ప్రింగ్స్ చూపిస్తానన్నాడు. ఏడో తరగతితోనే బడికి దణ్ణం పెట్టేసినవాణ్ణి, స్ప్రింగులంటే పరుపులో ఉండేవే నాకు తెలుసు. అవి కాలుతుంటే చూడ్డానికి అంతదూరం ఎందుకురా అన్నాను. తీరా చూస్తే, బండల మధ్య కుతకుత ఉడుకుతున్న నీళ్ళు, గంధకం వాసన, చుట్టూ ఇనపకంచె, దాటితే ఊరుకోనన్నట్టు ఫారెస్టు గార్డు. అందరూ ఫోన్లెత్తారు. నేను పక్కకి తిరిగి 'చూశావా' అనబోయి, పక్కన ఎవరూ లేరని గుర్తొచ్చి, కళ్ళజోడు తుడుచుకున్నాను.

నా ఈడువాళ్ళలో కొందరికి తెలిసే ఉంటుంది, భద్రాచలం దగ్గర గోదావరి ఒడ్డున ఇసకలో చెలమ తీస్తే వేణ్ణీళ్ళు ఊరే చోటొకటుంది. పెళ్ళయిన ఏడు, మామిడికోతలు అయిపోవస్తుండగా, మోకాళ్ళ నొప్పులకి ఆ నీళ్ళు మంచివట అని మా పెద్దమ్మనీ, మా ఆవిణ్ణీ చాట్రాయి నుంచి కాయల వ్యానులోనే, చింతలపూడి మీదుగా తీసుకెళ్ళాను. మోకాళ్ళన్నది పైకి చెప్పిన సాకు. మా పెళ్ళయిన కొన్నాళ్ళకే మా ఆవిడ వాళ్ళమ్మ పోయింది, అప్పట్నుంచీ ఆ మనిషి నవ్వడం మానేసింది. నేను నోరు తెరిస్తే విస్సన్నపేట సంతలో బేరాలు ఆగిపోయేవి, దళారులు తలగుడ్డతో కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఇంట్లో మాత్రం నా జోకులన్నీ విని, ఇంకాస్త పప్పు వెయ్యనా అనేది. ఊరందర్నీ నవ్వించేవాడికి ఇది అవమానమే కానీ, దానికంటే భయం ఎక్కువ, ఇక ఎప్పటికీ ఇలాగే ఉండిపోతుందేమోనని.

మా వైపువాళ్ళకి వెచ్చని చోటు కనిపిస్తే చాలు, మామిడికాయలు గుర్తొస్తాయి. వరిగడ్డిలో మాగవేస్తే రోజులు పట్టే కాయ, ఈ వేడి ఇసకలో పూటకే పండుతుందని పెద్దమ్మకి పెద్ద ఉపన్యాసమిచ్చి, వ్యానులో మిగిలిన చిన్నరసాలన్నీ పొద్దున్నే చెలమ పక్కన పూడ్చేశాను. భోజనాలయ్యాక, చుట్టుపక్కల స్నానాలకొచ్చిన జనాన్ని కూడా పిలిచి మరీ తవ్వాను. ఇంకేముంది! తొక్కలు ముడతలు పడి, రంగు చచ్చి, వేలు ఆనిస్తే లోపలికి దిగిపోతూ, పుల్లటి ఆవిర్లు కక్కుతున్నాయి. పెద్దమ్మ నొప్పులు మరిచిపోయి నన్ను కొట్టడానికి లేచింది, వైద్యం పనిచేసినట్టే. మా ఆవిడ ఒక కాయ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, తాపీగా అడిగింది: "ఉప్పూ కారం తెచ్చారా, లేకపోతే అవి కూడా ఇసకలోంచే వస్తాయాండీ?" అనేసి, తన మాటకి తనే నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగక, ఇసకలో కూలబడి, చివరికి ఏడుస్తూ నవ్వింది. నేను నవ్వలేదు. చూస్తూ నిలబడిపోయాను.

ఆ తరవాత ఏ పెళ్ళికెళ్ళినా ఆ కథ నా చేత చెప్పించేవాళ్ళు. కాయలు తవ్వేదాకా నాది, అక్కడ ఆగేవాణ్ణి, ఉప్పూకారం మాట ఆవిడది. ఆవిడ ఉన్నన్నేళ్ళూ అలాగే గడిచింది.

మొన్న ఆ కంచె దగ్గర బస్సులోవాళ్ళు నవ్వొచ్చే కబురేదైనా చెప్పమంటే మళ్ళీ ఆ కథే చెప్పాను. బాగానే నవ్వారు. కాయలు తవ్వి, అలవాటు కొద్దీ ఆగాను. కథ అయిపోయిందనుకుని ఎవరి ఫోన్లలోకి వాళ్ళు వెళ్ళిపోయారు. మిగిలిన ఆ ఒక్క మాటా నేనే అనేయొచ్చు, మాటలు నాకేం కొత్త కాదు. కానీ అది ఆవిడ వంతు. నీళ్ళు ఆ గోదావరి ఒడ్డునా, ఈ కంచె లోపలా ఇంకా అలాగే ఊరుతున్నాయి. నేను ఆవిడ మాటకి పట్టేంతసేపు ఆగి, బస్సెక్కాను.