చిందు ఎవరిదో తేల్చిన సభ

చిందు అన్న మాట ఛందస్సులోంచి వచ్చిందని ఒక పండితుడు, కాదు సింధునది పేరులోంచి వచ్చిందని ఇంకో పండితుడు పత్రికలో నెలల తరబడి కొట్టుకుంటుంటే చదివి చదివి నాకు ఒళ్లు మండింది. తరాల నుంచి చిందేసి బతికేటోళ్లను ఒక్కరన్నా అడిగిండ్రా? ఇద్దరూ జడ్చర్ల సభలో తేల్చుకుంటరని, చిందోళ్ల ఆట కూడా ఉంటదని తెలిసి పొద్దున్నే కాచిగూడలో రైలెక్కిన. మూడో తరగతిలో నిలబడే పోయిన. ఎండెక్కే యాళ్లకు దిగి, నాలుగణాలకు జట్కా మాట్లాడుకున్న. "చిందు చూడనీకి వచ్చినవా సారూ? పాపం, వాళ్లను పొద్దుగాల్నుంచి ఎండలనే నిలవెట్టిండ్రు" అన్నడు జట్కావాడు.

నిజమే. అంటరానోళ్లని పందిట్లోకి రానియ్యలేదు. మేళం పెద్ద ఎల్లవ్వ ముఖం మీది రంగు చెమటకు కారుతాంది. లోపలేమో పండితులిద్దరూ గొంతులు చించుకుంటున్నరు. దేనికీ ఒప్పుకోనోళ్లు చివరికి ఒక్కదానికి ఒప్పుకున్నరు: ఇంత గొప్ప సంస్కృత మాట వీళ్ల చేతుల్లో ఉండకూడదట! ఆట బడిపిల్లలు ఆడతరట. సభ పెద్ద బయటికొచ్చి, "ఎల్లీ, మీ ఆట వద్దు గని గజ్జెలు ఇయ్యి. నీళ్లు చల్లి తీసుకుంటం" అన్నడు. సిగ్గుండాలె మనిషికి!

"ఇయ్య" అన్నది ఎల్లవ్వ.

"ఇయ్యకుంటే ఈ ఊళ్లె మీ ఆట బంద్."

తాతల నాటి నుంచి వాళ్లు ఆడే ఊరది. ఎల్లవ్వ తన నీళ్ల చెంబు ముందట వెట్టి అన్నది: "మమ్ముల ముట్టరు, మా గజ్జెలు ముడతరా దొరా? తిట్టేటప్పుడు చిందు మాది, పొగిడేటప్పుడు మీదా? మా చెంబుల నీళ్లు తాగుండ్రి, గజ్జెలు ఇస్త."

ఒక్కడు చెంబు ముట్టలేదు. ఆమె గజ్జెలు కళ్లకద్దుకొని తన కాళ్లకే కట్టుకున్నది. మేళమంతా ఆమె ఎంబడి నడిచింది. పండితులను వాళ్ల పందిట్లోనే ఒదిలి నేను కూడా పోయిన.

ఆ ఊళ్లె వాళ్ల ఆట నిజంగానే బంద్ పెట్టిండ్రు. చిందు అన్న మాట ఎక్కడ పుట్టిందో నాకిప్పటికీ తెల్వదు. ఎవరి కాళ్ల మీద బతికిందో మాత్రం చూసిన. దాన్ని గుంజుకోను వచ్చినోళ్లను తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతది.

చిందు చూడాలనుకునేటోళ్లు సభలకు పోకుండ్రి. జడ్చర్లలో దిగి అడిగితే జట్కావాళ్లు ఊరవతల ఎల్లవ్వ వాడకు తీస్కపోతరు. కూసోంగనే ఆమె చెంబుతో నీళ్లిస్తది. తాగుండ్రి. తాగనోళ్ల ముందట ఆమె గజ్జె కట్టదు.