గిల్లి తెచ్చిన తగిరెంచ

తొలి వానలకు చేలగట్ల మీద ఆకు మొలిచిందంటే మా అత్త పెనుకొండ పక్క పల్లె నుంచి హిందూపురానికి బస్సెక్కుతుంది. సంచి నిండా గిల్లిన గురుగాకు, తగిరెంచ ఆకుకూరలు. సంగటిలోకి ఆ ఆకుపప్పు మా ఇంట్లో అందరికీ ఇష్టం. ఆ ఏడు ఆమె మూడేళ్ల మనవరాలు, మా పాప కూడా తినబోతున్నది.

నాకు అనుమానం పాలతో మొదలైంది. అత్త వంటింట్లో కూర్చుని ఆకు దూస్తోంది. పొయ్యి మీద పాలు అడుగంటాయి. ఆ మాడు వాసన వీధిగదిలో ఉన్న నాకే తగిలింది. ఆమె మాత్రం తల ఎత్తలేదు. నా భార్య పెరట్లోంచి పరిగెత్తుకొచ్చి పొయ్యి ఆపింది.

ఆమె ఆకు ఏరేది ముక్కుతోనే. గిల్లుతుంది, నలుపుతుంది, వాసన చూసి సంచిలో వేస్తుంది. నా దారి వేరు. పట్టుగూళ్ల మార్కెట్లో తూకాల దగ్గర నిలబడి సొంతంగా లెక్కలు నేర్చినవాణ్ణి. ఏది కనబడినా లెక్కపెడతాను. తగిరెంచ రెమ్మకు మూడు జతల ఆకులు, కొసలు గుండ్రన. పక్కనే మొలిచే కసివిందకు నాలుగైదు జతలు, కొసలు మొనదేలి ఉంటాయి. దాని గింజలు చిన్నపిల్లల ప్రాణానికే ముప్పు. ఆకు సంగతి నాకు తెలియదు. తెలియనిదాన్ని పిల్ల నోట్లో పెట్టను.

చేటలోకి చూశాను. దూసేసిన ఆకులో జతలేవి? లెక్కకు అందేదేమీ మిగల్లేదు. సంచి అడుగున దూయని రెమ్మలు కొన్ని ఉన్నాయి. ఒకదానికి నాలుగు జతలు. నలిపి చూశాను. తగిరెంచకూ కొంచెం వాసన ఉంటుంది గాని ఇంత కంపు ఉండదు.

అత్త నాతో నేరుగా మాట్లాడదు. పెళ్లయినప్పటి నుంచీ మా మాటలన్నీ నా భార్య మీదుగానే పోతాయి, ముగ్గురం ఒకే గదిలో ఉన్నా సరే. రెమ్మను భార్య చేతికిచ్చి, ఇదేం వాసనో మీ అమ్మను అడుగు అన్నాను.

అత్త దాన్ని చాలాసేపు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"పచ్చాకు వాసనే. ఏం, మీ ఆయప్పకు ఆకు గూడా తూకమేసి ఇయ్యల్లా?"

నా భార్య నవ్వుతూ రెమ్మను తనూ వాసన చూసింది. నవ్వు ఆగిపోయింది. పాలు మాడింది నీకు తెలియలేదా అని తల్లిని అడిగింది.

మనవరాలు వచ్చి చేటలో చెయ్యి పెట్టబోతే అత్తే ఆ చెయ్యి పట్టుకుంది. అప్పుడు నా వైపు తిరిగింది.

"ఎండాకాలం జరమొచ్చి పోయినకాణ్నించి వాసన తెలీకుండా పోయిందప్పా. చెప్తే ఆకు తేవద్దంటారని చెప్పలే. అంతా పారెయ్."

ఆమె నాతో అన్న మొదటి మాటలవి. మంచిది ఏరి ఉంచుకుందామంది నా భార్య. కలిసిపోయిన ఆకులో ఏది ఏదో చెప్పేదెవరు? మేకలకు కూడా వేయకుండా గుంట తీసి పూడ్చాను. ఆ పూట ఉత్త కందిబేడల పప్పే.

తర్వాతి వానకు అత్త మళ్లీ వచ్చింది. ఈసారి మొక్కలు వేళ్లతో సహా పెరికి తెచ్చింది. గడపలో కూర్చుని ఒక్కొక్కటే నలిపి నా ముక్కు దగ్గర పెడుతుంది. నేను ఊ అంటేనే గిల్లుతుంది. ఆ నమ్మకమే నాకు గుబులు. నాకు జలుబు చేసిన రోజున ఏం గతి? అందుకని ఊ అనే ముందు జతలు లెక్కపెడతాను, కొసలు తడిమి చూస్తాను. ఆమెకు ఆ ఆలస్యం నచ్చదు.

"ఏమప్పా, నిద్రపోతివా?" అంటుంది.